జ్వరం తగ్గిన రోజు

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో వానాకాలంలో, రిటైర్మెంటుకు పదకొండు నెలలు ఉందనగా, నన్ను డెంగీ టీకా పరీక్షకు ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా వేశారు. అంతవరకూ నేను వార్డుల్లో హెడ్ నర్సుని. నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక ఆసుపత్రి మేడ మీద మా ఆఫీసు. వార్డు గోల తప్పింది, ఇక హాయిగా కాగితాలు చూసుకోవచ్చనుకున్నాను. హాయి, నా మొహం!

మేము చేర్చుకున్నది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను. కొందరికి టీకా, కొందరికి మందు లేని ఉత్త సూది. ఎవరికి ఏది పడిందో వాళ్ళకు తెలియదు, మాకూ తెలియదు, పరీక్షకు బాధ్యురాలైన డాక్టర్ వసుంధరకూ తెలియదు. సీసాల మీద నంబర్లే ఉంటాయి, ఏ నంబరు ఏదో రాసిన జాబితా వేరేచోట మూసి ఉంటుంది. ఇంత తతంగం ఎందుకని చాలామంది అడిగేవారు. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చిపోతే దాని మీద ఒంట్లో రక్షణ నిలుస్తుంది. మిగతా మూడింటి మీద ఆ రక్షణ కొన్నాళ్ళే. ఆ తరువాత ఇంకో రకం వస్తే పాత యాంటీబాడీలు దానికి అతుక్కుంటాయి గానీ అడ్డుకోలేవు. పైగా దాన్ని కణాల్లోకి చేరవేస్తాయి. అందుకే రెండోసారి వచ్చే డెంగీతో ఎక్కువ భయం. టీకా అయినా నాలుగింటికీ సరిపడా రక్షణ ఇవ్వాలి, అరకొరగా ఇస్తే కొందరికి కీడే జరగొచ్చు. టీకా పడినవాళ్ళనూ పడనివాళ్ళనూ పోల్చి చూస్తేనే అది తేలుతుంది.

అబిడ్స్‌లో చీరల దుకాణంలో పనిచేసే సులోచన మా వాలంటీర్లలో ఒకరు. ముప్ఫై నాలుగేళ్ళు, గలగలా మాట్లాడే మనిషి. భర్త రమేశ్ నాంపల్లి కోర్టుల దగ్గర టైపిస్టు. ఐదారేళ్ళ కిందట ఒకసారి డెంగీ వచ్చిందని చేరేటప్పుడే చెప్పింది. సూది పడిన కొన్ని నెలలకు ఆమెకు జ్వరం వచ్చింది. నియమం ప్రకారం రక్తం తీస్తే మళ్ళీ డెంగీ అని తేలింది. అప్పటికి బాగానే ఉంది కాబట్టి ఇంట్లోనే ఉంచి, రోజూ ఫోను చేసి కనుక్కుని, ఆమె కార్డులో రాసుకుంటున్నాం.

జ్వరం మొదలైన ఐదో రోజు పొద్దున నేనే చేశాను. రమేశ్ ఎత్తాడు. "జ్వరం పోయింది మేడం, ఒళ్ళు సల్లగుంది. జర కడుపునొప్పి అంటుంది, కక్కుతుంది. బొప్పాయి ఆకు రసం పోసినం గదా, గది పడ్తలేదు" అన్నాడు.

మన ఊళ్ళో డెంగీ అనగానే ఎక్కడినుంచో ఇంటికి బొప్పాయి ఆకు వచ్చేస్తుంది. ఆ చేదుకు కక్కనివాణ్ణి నేను చూళ్ళేదు. వార్డుల్లో ఎన్ని వాంతులకు ఆ పసరునే తిట్టానో! ఆ రోజూ అలవాటుగా తిట్టి, మానెయ్యి నాయనా అని చెప్పి, కార్డులో 'కోలుకున్నారు' అని రాసేశాను. టీ కూడా తాగాను.

తరువాతి కార్డు తీశాను గానీ చెయ్యి సాగలేదు. డెంగీలో అసలు ప్రమాదం జ్వరం దిగేటప్పుడే. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరిపోయి మనిషి షాకులోకి వెళ్ళేది అప్పుడే. కొత్త నర్సులకు ఈ పాఠం చెప్పిందే నేను. మళ్ళీ ఫోను చేసి, రసం ఎప్పుడు పోశారని అడిగాను. "నిన్న పొద్దుగాల మేడం. ఇయ్యాల పొయ్యలే" అన్నాడు. మరి ఇవాళ వాంతి దేనికి? మూత్రానికి ఎప్పుడు వెళ్ళిందని అడిగితే, పక్కనున్న తన తల్లిని అడిగి, "రాత్రి నుంచి పోలేదంట" అన్నాడు. అంటే ఒంట్లో నీరు ఊరిపోతోందన్నమాట.

అంబులెన్స్‌కు చెప్పి, నేను ఆటో ఎక్కాను. వెళ్ళేసరికి ఆమె చేతులు చల్లగా, చెమటతో తడిగా ఉన్నాయి. నాడి పరుగెడుతోంది. బీపీలో పై అంకె, కింది అంకె బాగా దగ్గరికొచ్చేశాయి, షాకు మొదలైందనడానికి అదే గుర్తు. ఆమె మాత్రం "జ్వరం లేదు గద మేడం, జర పండనియ్యండి" అంటోంది. తరువాత పడుకుందువుగాని, ముందు లే తల్లీ అని లేవదీశాను.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. దాన్నీ కొలిచి కొలిచి ఇవ్వాలి. తక్కువైతే షాక్, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి నీరు. రమేశ్ డాక్టర్‌ను వరండాలో నిలదీశాడు. "మంచిగున్న మనిషికి సూదేసిన్రు. గా సూది వల్లనే గిట్లయిందా? నంబరు విప్పి చెప్పున్రి" అన్నాడు. అడగాల్సిన మాటే అడిగాడు. డాక్టర్ వసుంధర దాటవెయ్యలేదు. అయుండొచ్చు, కాకపోవచ్చు, ఇప్పుడే చెప్పలేనంది. వైద్యానికి అవసరమైతే ఆ క్షణమే విప్పుతామనీ, టీకా పడినా పడకపోయినా ఇచ్చేది ఇదే సెలైననీ వివరించింది. కేసు ఇరవై నాలుగు గంటల్లో వాలంటీర్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీకి వెళుతుందని కూడా చెప్పింది.

పొద్దున 'కోలుకున్నారు' అని రాసింది నేనేనని అతనికి అక్కడే చెప్పేశాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "మరి మల్ల ఎందుకు ఫోన్ చేసిన్రు?" అన్నాడు. "అనుమానమొచ్చి" అన్నాను. అతను బెంచీ మీద కూలబడ్డాడు.

మా పద్ధతిలో తప్పును చెరపకూడదు. ఒకే గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. కొట్టేసిన మాట చదవడానికి వీలుగా ఉండాలి. సిగ్గుతో చచ్చిపోతూ ఆ గీత గీశాను.

రెండో రోజుకు నాడి నెమ్మదించింది, మూత్రం బాగా వచ్చింది. మూడో రోజు ఇడ్లీ అడిగింది. ఆ మాట విని మెట్ల దగ్గరికి పోయి ఏడ్చాను, దాపరికమెందుకు.

రెండు వారాల తరువాత ఇంకోసారి రక్తం కావాలి. జ్వరానికి ముందుదీ, జ్వరంలోదీ, ఆ తరువాతిదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏ రకం మీద యాంటీబాడీలు ఎంత పెరిగాయో తెలుస్తుంది. ఆమె ఎప్పుడైనా తప్పుకోవచ్చు. అడగడానికి నాకు మొహం చెల్లక రెండు రోజులు వాయిదా వేశాను. ఆమే వచ్చింది. భర్త వద్దన్నాడట, అయినా వెంట వచ్చాడు. "సంతకం నాది గద మేడం. మధ్యల ఇడిసిపెడితే నేను పడ్డ బాధ ఎవలకు పనికొస్తది?" అంటూ చెయ్యి చాచింది. రమేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, సూది చూడలేడట.

ఆమెకు పడింది టీకానో ఉత్త సూదో నేను రిటైరయ్యేనాటికి తేలలేదు. ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె రక్తం మాత్రం లెక్కలోకి వెళ్ళింది, టీకా పని ముందుకు సాగుతోంది. మా ఫోను ప్రశ్నలు ఆ వారమే మార్చాం. ఏం తాగారు, మూత్రానికి ఎప్పుడు వెళ్ళారు, వాంతి ఉందా, కడుపునొప్పి ఉందా అన్నవి ముందు, జ్వరం సంగతి చివర. ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో పదిమందికి చెప్పిన పాఠాన్ని ఒక పూట నేనే మరిచాను. డెంగీ ఉన్న ఇంటి నుంచి జ్వరం తగ్గిందన్న మాట వచ్చిందంటే, వెంటనే చెప్పులు వేసుకుని బయల్దేరాలి.