రెండు కిలోల తరుగు

ఆ రోజుల్లో నా వయసు పంతొమ్మిది, బరువు యాభై రెండు కిలోలు, పొగరు మాత్రం ఏ కాటాకీ అందేది కాదు. చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయింది (నేనే మానేశానని ఇంట్లో అంటారు, మా లెక్కల మేష్టారిని అడిగితే ఇద్దరం ఇష్టపడే విడిపోయామని చెబుతారు). అలాంటి నన్ను పట్టుకుని ఒక పెద్దమనిషి, ఏ క్లాసు కావాలో నువ్వే ఎంచుకో అన్నారు. క్లాసు ఎంచుకోమని జీవితంలో నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ ఎంపిక కోసం పడ్డ పాట్లలో సగం బడిలో పడి ఉంటే ఈపాటికి ఎక్కడో పెద్ద ఉద్యోగంలో ఉండేవాణ్ణి, మీకు ఇది చదివే బాధ తప్పేది.

ఆ పెద్దమనిషి నేవీలో చేసి రిటైరైన కమాండరు గారు. ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువన, మా లంకకి ఎదురు ఒడ్డున, రెండు రేకుల షెడ్లు వేసి తెరచాప పడవల క్లబ్బు పెట్టారు. ఆ పడవలు మా నావల్లా ఉండవు. పొడుగాటి సొరకాయల్లాంటి రెండు సన్నటి ఫైబరు డొప్పలు, వాటి మధ్య నులకమంచంలా బిగించిన గట్టి గుడ్డ, పైన ఆకాశాన్ని గీకేంత తెరచాప. కాటమరాన్ అంటారు. పందేల కోసం చేసినవి కాబట్టి గాలి తగిలిందంటే ఒక డొప్ప నీళ్ళలోంచి పైకి లేచి, ఒంటికాలి మీద కొంగ పరిగెత్తినట్టు పోతాయి. వాటిలో రెండు క్లాసులు. ఒకటి ఒక్కడే నడిపే పద్నాలుగు అడుగుల పడవ. రెండోది ఇద్దరి పడవ, పదహారు అడుగులు. అందులో ఒకడు చుక్కాని పట్టుకుంటాడు. రెండోవాడు నడుముకి తీగ తగిలించుకుని, కాళ్ళు అంచుకి తన్నిపెట్టి, ఆరేసిన బట్టలా బయటికి వేలాడతాడు. పడవ ఒరిగిపోకుండా ఆ బరువు ఆపుతుంది. ఆ ఆరేసిన బట్ట నేను. చుక్కాని మా బావది.

బావ అంటే మా అక్క మొగుడు. కోరుకొండ వైపు చెరువుల్లో చేపలు పట్టే కుటుంబం. పెళ్ళయ్యాక మా నావ, మా వలలు, మా ఇంట్లో పెద్ద కంచం అన్నీ బావ చేతికే వచ్చాయి. మనిషి ఎనభై ఎనిమిది కిలోలు. బరువైనవాడు వేలాడాలి, తేలికవాడు చుక్కాని పట్టాలి అని కమాండరు గారు మొదటిరోజే చెప్పారు. దానికి బావ ఎంతో మర్యాదగా, "అల్లుణ్ణండి. ఊరంతా చూస్తుండగా తీగకి వేలాడితే బావుండదండి" అన్నాడు. నేవీలో ఎన్ని తుపాన్లు చూశారో గాని, ఆ మాటకి కమాండరు గారు చుక్కాని బావకే ఇచ్చేశారు. అలా ఆర్నెల్లపాటు నేను గాలికి వేలాడాను. వేలాడుతూ ఊరుకున్నానా? గోదాట్లో పుట్టినవాణ్ణి, చెరువులో పుట్టినవాడికి పాఠం చెప్పకుండా ఎలా ఉంటాను. ఎడమకి బావా, అంత కాదు, అదిగో సుడి, నీ కోరుకొండ చెరువనుకున్నావా అంటూ ఒడ్డు వదిలింది మొదలు మళ్ళీ ఒడ్డు చేరేదాకా వాగుతూనే ఉండేవాణ్ణి. బావ నవ్వేవాడు. ఆ నవ్వుకి అర్థం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా కోరిక ఒక్కటే. ఒక్కసారి చుక్కాని నా చేతిలో ఉండాలి. ఇంట్లో నావకి ముందు నాన్న, తరవాత బావ. క్లబ్బు పడవకీ బావే. నా వంతు ఎప్పుడూ వేలాడటమో, నీళ్ళు తోడటమో. ఇంతలో వేసవికి మొదటి పందెం పెడుతున్నామన్నారు. ఎవరిది ఏ క్లాసో పందెం రోజు పొద్దున్న పుస్తకంలో రాస్తారు, రాశాక ఏడాది దాకా మార్పు లేదు. ఒంటరి పడవలు మూడే. రెండిటికి రాజమండ్రి కాలేజీ కుర్రాళ్ళు పేర్లిచ్చేశారు, మిగిలింది ఒకటి. దానికో బరువు షరతు. అరవై అయిదు కిలోలకి తగ్గితే, పడవ తిరగబడినప్పుడు ఒక్కడే లాగి నిలబెట్టలేడు. ఎనభైకి మించితే డొప్పలు మునిగి, పడవ బురదలో గేదెలా కూచుంటుంది. నేను యాభై రెండు. చేతిలో మూడు నెలలు. పదమూడు కిలోలు సంపాదించాలి, అదీ బావకి తెలియకుండా. నిన్ను వదిలేసి పోతున్నానని మొహం మీద చెప్పే ధైర్యం లేక, ఆ మాటేదో కాటా చేత చెప్పిద్దామనుకున్నాను.

మర్నాటి నుంచి తినడం మొదలుపెట్టాను. పొద్దున్నే పెరుగన్నం, పదింటికి పెసరట్లు, మధ్యాహ్నం ఇద్దరు మనుషుల భోజనం, సాయంత్రం ఏది కనిపిస్తే అది. మా అక్క సంతోషానికి అంతులేదు. తమ్ముడికి ఒళ్ళు పడుతోందని లంకంతా చెప్పుకుంది. అయితే ఒక వింత. కంచాల ముందు కూచోగానే బావ తన కంచంలోని చేప తలకాయ తీసి నా కంచంలో పెట్టేవాడు. మా ఇళ్ళల్లో తలకాయ ముక్క ఇంటి పెద్దకే వేస్తారు. "తిను బావమరిదీ, ఎదిగే ఒళ్ళు" అనేవాడు. (పంతొమ్మిదేళ్ళకి ఇంకేం ఎదుగుతుంది, పక్కలకి తప్ప.) మీగడ నాకే, తాపేశ్వరం నుంచి ఎవరో తెచ్చిన కాజాలూ నాకే. తను మాత్రం ఇంత మజ్జిగ తాగి లేచిపోయేవాడు. నాకు లోపల ముల్లు గుచ్చుకుంటున్నట్టుండేది. మనిషి నోటి దగ్గర ముద్ద తీసి నాకు పెడుతున్నాడు. నేను ఆ ముద్ద తినే అతన్ని వదిలించుకునే ఏర్పాటు చేసుకుంటున్నాను. నిజం చెప్పేద్దామని రెండు మూడుసార్లు నోరు తెరిచాను. ఎప్పుడు తెరిచినా అందులో ఒక కాజా ఉండేది.

పందెం రోజు వచ్చింది. ముందురోజు కిరాణా కొట్టు కాటా మీద చూసుకుంటే అరవై మూడున్నర దగ్గర ముల్లు మొరాయించింది. అందుకని పొద్దున్నే ఆరు కొబ్బరిబొండాలు తాగి, దళసరి జీన్సు ప్యాంటు వేసుకుని గోదాట్లో మెడదాకా మునిగి, నీళ్ళు కారుతూ వెళ్ళి నిలబడ్డాను. క్లబ్బువాళ్ళు తెప్పించింది రొయ్యల కాటా. దానితోపాటు తూచే మనిషి కూడా వచ్చాడు. అతన్ని మేమంతా తరుగు బాబాయి అంటాం. రొయ్యల్లో నీళ్ళుంటాయని తూకంలోంచి కొంత కొట్టేసి రాస్తారు చూడండి, ఆ తరుగు తియ్యడంలోనే అతని జీవితం గడిచింది. నేను ఎక్కాను. అరవై ఆరు. నా గుండె పడవలా తేలింది.

"అరవై ఆరు. తడికి తరుగు రెండు. అరవై నాలుగు రాసుకోండి" అన్నాడు బాబాయి.

"నేనేమన్నా రొయ్యనా బాబాయ్?"

"రొయ్యకైతే మూడు తీసేవాణ్ణి. మనవాడివని రెండుతో సరిపెట్టాను."

కమాండరు గారు నా కాళ్ళ కింద మడుగు చూశారు, కలం చూశారు, అరవై నాలుగే రాశారు. నేను ఇంకా దిగలేదు, వెనకనుంచి ఎవరో భుజం మీద తట్టారు. చూస్తే బావ. నిక్కరు, బనీను, పొడి ఒళ్ళు. "ఒంటరి పడవకండి" అన్నాడు నేల చూస్తూ. కాటా ఎనభై రెండు చూపించింది. బాబాయి చెయ్యి అలవాటు కొద్దీ కదిలింది. తరుగు రెండు, ఎనభై. చుక్క నీళ్ళు లేని మనిషికి తడి తరుగేంటని అడగాలనుంది. ప్యాంటులోంచి నీళ్ళు కారుతుండగా ఆ మాట ఏ మొహంతో అడగను?

"అయితే ఆ తలకాయలన్నీ..." అన్నాను.

"నువ్వు మాత్రం ఎందుకు తిన్నావు?" అన్నాడు బావ. కాటా దిగుతూ మెల్లగా, "ఆర్నెల్ల నుంచి నీ నోరు వింటున్నానురా. నా తప్పులు నన్ను చేసుకోనివ్వవు. ఒక్క ఏడాది నన్నొదిలెయ్" అన్నాడు.

వదిలేసి పోదామనుకున్నది నేను. వదిలేస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. పైగా మూడు నెలలు నన్ను మేపి మరీ వదిలేశాడు.

మా అక్క ఎప్పుడొచ్చిందో తెలియదు, అన్నం క్యారేజీతో వెనకే నిలబడి అంతా వింది. "ఒకడు బరువెక్కడానికి, ఒకడు తగ్గడానికి, మూడు నెలలు నా చేత వండించారన్నమాట" అంది. తరవాత కమాండరు గారి వైపు తిరిగి, ఇద్దరి పడవ ఖాళీగానే ఉందా అని అడిగింది. ఆయన తడబడి, అమ్మా మీకు ఈత వచ్చా అన్నారు. "వీడికి నేర్పింది నేనేనండి. ఆయనకి ఇంకా నేర్పుతున్నానండి" అంది. కాటా ఎక్కమని అడిగే ధైర్యం బాబాయికి లేకపోయింది. కంటితోనే చూసి యాభై ఎనిమిది అన్నాడు (తరుగు తియ్యలేదు). అక్క చీర కుచ్చిళ్ళు బిగించి దోపి, పైన లైఫ్ జాకెట్టు వేసుకుని, ఎవరినీ అడక్కుండా వెళ్ళి చుక్కాని దగ్గర కూచుంది. నేను మళ్ళీ ఆరేసిన బట్టనే. కాకపోతే ఈసారి దళసరి బట్ట.

మధ్యాహ్నం పైరగాలి లేచాక వదిలారు. చిన్నప్పుడు నాన్న నావ మీద తెరచాప పట్టిన చెయ్యి మా అక్కది. గాలి ఎటు మళ్ళుతుందో ముందే తెలిసినట్టు తిప్పుతోంది. ఎడమకి అక్కా అన్నాను ఒకసారి. ఒక్క చూపు చూసింది. జన్మలో మొదటిసారి నీళ్ళ మీద నోరు మూసుకున్నాను. రెండో చుట్టుకి మా క్లాసులో రెండో స్థానంలో ఉన్నాం. ముందున్న పడవ తెరచాప కుట్లు కూడా కనిపిస్తున్నాయి. అప్పుడు చూస్తే, మలుపుకి గుర్తుగా నీళ్ళలో తేలే దూరపు బోయా దగ్గర బావ పడవ బోర్లాపడి ఉంది. తెరచాప నీళ్ళ మీద పరుచుకుంది. బావ డొప్ప మీద నిలబడి తాడు లాగుతున్నాడు. బరువు సరిపోతోంది గాని మూడు నెలల మజ్జిగ చేతుల్లో బలం మిగల్చలేదు. తెరచాప జానెడు లేస్తోంది, మళ్ళీ పడుతోంది. క్లబ్బు మోటారు బోటు అవతల ఇంకో కుర్రాణ్ణి లాగుతోంది.

అక్క బావ పక్కనుంచే పోనిచ్చింది. "అన్నం తిని రావాల్సింది" అంది, అంతే. నాలుగు బారలు పోయాక, ముందున్న పడవని ఒకసారి చూసి, చుక్కాని మెలితిప్పి మా పడవని వెనక్కి మళ్ళించింది. "దూకు" అంది నాతో. దూకాను. బావా బావమరుదులం ఒకే తాడు పట్టుకుని వెనక్కి వాలాం. పెసరట్లు, కాజాలు, తలకాయలు అన్నీ ఆ తాడు మీద పనిచేశాయి. తెరచాప నీళ్ళు కార్చుకుంటూ లేచి నిలబడింది. బయటి సాయం తీసుకుంటే పందెంలోంచి పోయినట్టేనట. బావ పోయాడు, వెనక్కి తిరిగి మేమూ పోయాం. బావ డొప్ప మీదకి ఎక్కబోయి రెండుసార్లు జారిపోయాడు. అక్క చూసి, "నువ్విటు ఎక్కు. తమ్ముడూ, అది నువ్వు తీసుకురా" అంది.

అలా ఒంటరి పడవ నా చేతికొచ్చింది, పందెం అయిపోయాక. చుక్కాని వేళ్ళ మధ్య జీవమున్నదానిలా కదులుతోంది. గాలి నిండగానే ఒక డొప్ప పైకి లేచింది. కింద నీళ్ళు ఈలవేస్తున్నాయి. రైలు వంతెన అంత దూరాన గీతలా ఉంది. ఎవరూ చూడట్లేదు, ఎవరూ అంకెలు వెయ్యట్లేదు. "ఎడమకి బావా" అన్నాను గట్టిగా. పక్కన ఎవరూ లేరు. నా ఎడమకి నేనే తిప్పుకోవాలి. ఆ ఆలోచనలో ఉండగానే పడవని ఇసుక మేట మీదకెక్కించేశాను. తప్పు నాది, మొత్తం నాదే. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒడ్డు మీదనుంచి బావ, గోదాట్లో పుట్టినవాడివి ఆ మేట కనపళ్ళేదురా అని అరుస్తున్నాడు, నోటినిండా అన్నంతో. క్యారేజీలో నా వంతు కూడా మిగల్చలేదు.

ఆ ఏడాదంతా పుస్తకంలో ఒంటరి పడవకి బావ పేరే ఉంది. నీళ్ళ మీద మాత్రం నేనుండేవాణ్ణి. కమాండరు గారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఇద్దరి పడవలో అక్క చుక్కాని పట్టేది, బావ ఊరంతా చూస్తుండగా తీగకి వేలాడేవాడు. ఇప్పుడు నేను అదే షెడ్డులో ఫైబరు పడవలకి అతుకులు వేస్తుంటాను. నా బరువు ఎనభై ఆరు. ఒంటరి పడవ నన్ను చూస్తేనే మునిగేలా ఉంటుంది. పోయినవారం మా మేనకోడలు వచ్చి, మావయ్యా, ఒంటరిదా ఇద్దరిదా, ఏ క్లాసు మంచిది అని అడిగింది. పెద్ద ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాను గాని, ఇసుక మేట గుర్తొచ్చి ఊరుకున్నాను. నిన్న మధ్యాహ్నం అందరం భోజనానికి కూచున్నాం. బావకి షుగరు, డాక్టరు తగ్గించి తినమన్నాడు. తలకాయ ముక్క తీసి ఎప్పట్లాగే నా కంచంలో పెట్టాడు. నేను దాన్ని కాసేపు చూసి, తీసి మేనకోడలి కంచంలో పెట్టాను.

"ఒంటరిదానికి నాకు నాలుగు కిలోలే తక్కువ మావయ్యా" అంది అది, నవ్వాపుకుంటూ.

"ఆరు" అన్నాను. "కాటా దగ్గర ఇంకా ఆ బాబాయే ఉన్నాడు."