పాత వేప్‌కి వేడి చీజ్ రోల్

గ్లెనిస్ పరాటా గొంతు ఎరగనివాళ్లు మా టిమారులో లేరు. ఊరి రేడియోలో ఏళ్లతరబడి గొర్రెల సంత ధరలు చదివిన గొంతు అది. రేడియో మూతపడ్డాక క్రెయిగ్ ఆమెను పిలిచి, వేప్‌లనే బ్యాటరీ సిగరెట్లు అమ్మే తన దుకాణాల తరఫున జనంతో మాట్లాడే ఉద్యోగం ఇచ్చాడు. సిగరెట్లు మానేసి వేప్‌కి మారిన మనిషి కనుక ఇష్టంగానే ఒప్పుకుంది. సరుకును పొగడటానికి చట్టం ఒప్పుకోదు. జాగ్రత్తలు చెప్పడమే ఆమె పని. పద్దెనిమిది నిండనివాళ్లకు అమ్మబోమని బోర్డు పెట్టించి, ఆ మాట నిలబడుతోందో లేదో చూడటానికి తనే కౌంటర్ దగ్గర కూర్చునేది. గడ్డం పెంచుకొచ్చిన సొంత మేనల్లుడిని కూడా వయసు చూపే కార్డు లేదని వెనక్కి పంపేసింది.

ఆ చలికాలంలో నడిబజార్లో చెత్త లారీ అంటుకుంది. ఎవరో పారేసిన వేప్ లోపల నలిగి, దాని బ్యాటరీ మండింది. డ్రైవర్ సియోనే చెత్తంతా రోడ్డు మీద కుమ్మరించి లారీని దక్కించుకున్నాడు. ఊరు క్రెయిగ్ మీద విరుచుకుపడింది.

ఆ వేప్ తమ దుకాణంలో కొన్నదేనని రుజువేమిటో అడుగుతూ ప్రకటన రాయమన్నాడు క్రెయిగ్.

"రాయడానికేం, రాస్తా. చదివి ఊరంతా నవ్వుతుంది," అంది గ్లెనిస్. "ముందు ఆ డ్రైవర్ని చూసొస్తానుండు."

సియోనే లారీ కడుగుతున్నాడు. ఆమె క్షమాపణ మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"సారీలు నాకెందుకు ఆంటీ? అవి నా బండిలో పడకుండా చూడు, చాలు. పాతవి వేయమని ఊరికే డబ్బా పెడితే మాత్రం ఎవడూ రాడు. తినడానికేదైనా పెట్టు, నేనే ముందొస్తా."

అతను వేళాకోళంగానే అన్నాడు, ఆమె మాత్రం పట్టుకుంది. శనివారం పాత వేప్ తెచ్చిచ్చినవాళ్లకు వేడి చీజ్ రోల్ అని చాటింపు వేయించింది. ఇది దుకాణమా, హోటలా అని క్రెయిగ్ సణిగాడు.

మొదటి శనివారం వాన. ఒక్కరూ రాలేదు. గ్లెనిస్, క్రెయిగ్ కలిసి కడుపు పగిలేలా రోల్స్ తిన్నారు. మరుసటి వారం ఆమె సియోనేని లారీతో సహా దుకాణం ముందు నిలబెట్టి, మైకు తీసుకుంది. వచ్చిన ప్రతి వేప్‌నీ రేడియోలో గొర్రెల ధరలు చదివినట్టే చదివింది: "మామిడికాయ రకం, కుక్క కొరికింది. పుదీనా రకం, వాషింగ్ మెషీన్లో స్నానం చేసింది." నవ్వుకోవడానికి ఆగినవాళ్లు ఇంటికెళ్లి సొరుగులు వెతుక్కొచ్చారు. ఒక ముసలాయన, భార్య దాచిందంటూ చేతిసంచీ నిండా తెచ్చాడు. ఆవిడ వెనకాలే వచ్చి, అందులో సగం ఆయనవేనని అందరి ముందూ చెప్పేసింది.

డబ్బాలు నిండి రీసైక్లింగ్‌కి క్రైస్ట్‌చర్చ్ నగరానికి వెళ్లాయి. చలికాలం పోయేదాకా సియోనే లారీలో మళ్లీ నిప్పు పుట్టలేదు. ఎదురు వీధిలోని పోటీ దుకాణం వాళ్లు వచ్చి, తమకీ ఆ డబ్బాల సంగతి నేర్పమని అడిగారు. క్రెయిగ్ మొహం మాడ్చుకున్నాడు. గ్లెనిస్ మాత్రం బుధవారం వస్తానని, రోల్స్ బదులు గుమ్మడికాయ సూప్ పెట్టమని, అది మాత్రం వాళ్లే కాచుకోవాలని చెప్పింది.