మునిరత్నం ముక్కు

లోకంలో ఏది కదిలినా, మోగినా, పొగ వదిలినా “దీనికి పర్మిషన్ ఎవరిచ్చినారు?” అని మండిపడటం మునిరత్నం జబ్బు. ఆ జబ్బుకు మందు లేదనీ, ఉన్నా ఆయన పర్మిషన్ లేకుండా అది గొంతు దిగదనీ ఆయన భార్య కన్నియమ్మ కాపురానికొచ్చిన కొత్తలోనే తెలుసుకుంది.

అప్పుడే ఇంట్లోకి కుక్కరొచ్చింది. తొలి విజిల్‌కే మునిరత్నం పెరట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

“దీనికి కూత పెట్టే పర్మిషన్ ఎవరిచ్చినారు?”

“పప్పు ఉడకాల గదా!”

“మాయమ్మ కూడా ఉడికించింది. ఒక్క పప్పన్నా అరిచిందా?”

ఇప్పటికీ ఆ ఇంట్లో ఆయన చేను దారి పట్టాకే పప్పు పొయ్యెక్కుతుంది.

ఒకసారి జ్వరమొచ్చి తిరుత్తణిలో ఆస్పత్రికి తీసుకుపోతే, సూది ఎత్తిన డాక్టర్ చెయ్యి పట్టుకుని అదే ప్రశ్న వేశాడు. పాపం ఆ డాక్టర్ గోడ మీది సర్టిఫికెట్ చూపించాడు. “అది నువ్వు చదివినావని ఇచ్చింది. నన్ను పొడవమని గాదు” అన్నాడు మునిరత్నం. ఇక మేనకోడలి పెళ్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. పందిరి మీద డ్రోన్ కెమెరా ఎగిరితే గొడుగెత్తి దాని వెంట పడ్డాడు. ఆ వీడియోలో ఈనాటికీ తాళి కట్టడం కనపడదు. తెర నిండా నల్ల గొడుగు, దాని కింద తెరుచుకున్న మునిరత్నం నోరు.

ఇలాంటి మనిషి ఉన్న ఊరికి, తిరుత్తణి దాటి ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఆ ఊరికి, గ్యాస్ కంపెనీ వచ్చింది. ఊరికి తూర్పున, నేతగాళ్ల వీధికి ఇవతల పక్కన కంచె వేసుకుంది. పెద్ద పైపులో వచ్చిన గ్యాస్‌ను ఇంజన్లతో అదిమి, సిలిండర్ల లారీల్లోకి నింపి బంకులకు పంపడం దాని పని. ఆ ఇంజన్లు తాగేదీ గ్యాసే. వాటి పొగ కంటికి కనపడదు గానీ కళ్లు మండిస్తుంది, గొంతు పట్టేస్తుంది.

మునిరత్నం గేటు దగ్గరికి పోయి గర్జించాడు.

“గాలిలోకి ఇది వదిలేదానికి పర్మిషన్ ఎవరిచ్చినారు?”

మేనేజర్ రామానుజం చల్లగా నవ్వాడు. “ఎవరూ ఇవ్వలేదయ్యా. మాకు పర్మిషనే వేండాం. మినహాయింపు ఉంది.”

జీవితంలో తన ప్రశ్నకు ఇలాంటి జవాబు మునిరత్నం వినలేదు. గాలి తీసిన ట్యూబులా అయిపోయాడు. “అంటే?”

“చిన్న ఇంజన్‌కి గాలి పర్మిషన్ అక్కర్లేదు. రూల్లోనే ఉంది.”

“మూడుండాయి గదయ్యా!”

“మూడూ వేరే వేరే యూనిట్లు. తనిత్తనిగా, విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ చిన్నదే.”

ఆ పూట మునిరత్నం ఇడ్లీ తట్ట ముందు కూర్చుని పళ్లు కొరికాడు. ఇంకో ఇడ్లీ అడిగితే కన్నియమ్మ, “చాలా తిన్నావు, చాలదా?” అంది.

“చాలా యాడ తిన్నా? తనిత్తనిగా తిన్నా! ఒక్కొక్కటీ చిన్నదే! మూడు ఏనుగులు వరసగా చేన్లో దిగితే, ఒకదాని వెనక ఒకటి వచ్చింది గాబట్టి గుంపు గాదంటాడే ఆ మనిషి! ఊపిరి పీల్చేటప్పుడు నేను ఇంజన్ ఇంజన్‌కీ వేరేగా పీల్చాల్నా?”

కన్నియమ్మకూ ఒళ్లు మండింది. కంపెనీ మీద కాదు, మొగుడి మీద. ఎందుకంటే ఆ రోజు నుంచి ఆయన చేను వదిలేశాడు. “నా ముక్కు మండతా ఉంది” అంటూ రైలెక్కి తిరువళ్లూరు పోవడం, కాలుష్యం ఆఫీసులో కూర్చోవడం. వేరుశెనగలో కలుపు మోకాలెత్తు పెరిగింది.

“నా ముక్కుకేమీ రావడంలేదే?” అందామె ఒకనాడు.

“నీ ముక్కుకు తాళింపు తప్ప ఇంకేమొస్తాది!”

ఆమెకు తల కొట్టేసినట్టున్న విషయం ఇంకొకటుంది. ఆయన రోజూ పొద్దున్నే ఊరికి ఆ చివర ఉన్న నేతగాళ్ల వీధికి పోయి, తంగమ్మ ఇంటి ముందు నిలబడి అరుస్తాడట. తంగమ్మ మొగుడు లేని మనిషి. మగ్గం మీద బతుకుతుంది. కొడుకు తణికైవేల్‌కు కంపెనీ గేటు దగ్గరే వాచ్‌మన్ ఉద్యోగం దొరికి ఇప్పుడిప్పుడే తెరిపిన పడుతోంది.

“నిన్నా దగ్గినావు, ఈ పొద్దూ దగ్గతా ఉండావు! ఎవరిచ్చినారు నీకు పర్మిషన్?” అని ఆ పిచ్చి మనిషి ఆమెను నిలదీస్తాడని నీళ్ల దగ్గర ఆడవాళ్లు చెప్పుకుని నవ్వారు. కన్నియమ్మ బిందె సగమే నింపుకుని ఇంటికొచ్చేసింది.

ఆడి మాసం గాలులు మొదలయ్యాక తిరువళ్లూరు ఆఫీసు నుంచి అభినయ అనే ఇంజనీరమ్మ జీపులో దిగింది. ఊరంతా కంచె చుట్టూ చేరింది. మొగుడు ఇంకేం పరువు తీస్తాడోనని కన్నియమ్మా వచ్చింది. తంగమ్మ ఒక పక్కగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఖాకీ చొక్కా వేసుకున్న కొడుకు గేటు తీస్తున్నాడు.

“ఫిర్యాదు ఎవరిది?”

“నాదే మేడం! నా ముక్కుది!”

రామానుజానికి సహనం తెగింది. “మేడం, ఈయన సుమ్మా, ఊరికే అబద్ధం చెప్తా ఉండాడు. ఈయనిల్లు ఊరికి పడమటి చివర. మా పొగ గొట్టాలు తిరిగింది తూర్పుకి, నేతగాళ్ల వీధి పక్కకి. గాలీ అటే కొడతా ఉంది. ఈయన ముక్కు దాకా ఏమీ పోదు. ఆ వీధోళ్లనే అడగండి, ఒక్కరన్నా కంప్లైంట్ ఇచ్చినారా?”

వీధి వాళ్లు నేల చూపులు చూశారు. సగం ఇళ్ల పిల్లలు ఆ కంచె లోపలే పనిచేస్తున్నారు. నిజమే కదా, మా ఇంటికి ఏనాడూ వాసన రాలేదే అనుకుంది కన్నియమ్మ.

సరిగ్గా అప్పుడే తంగమ్మ ఆపుకోలేక దగ్గింది. లోపలి నుంచి తెరలు తెరలుగా పొంగుకొచ్చే దగ్గు. తణికైవేల్ ముఖం పాలిపోయింది.

ఇంజనీరమ్మ తల తిప్పింది. “ఎవరది?”

“నేనే!” అన్నాడు మునిరత్నం.

అని దగ్గడం మొదలుపెట్టాడు. వంగి దగ్గాడు, లేచి దగ్గాడు, తలగుడ్డ ఊడి కింద పడేదాకా దగ్గాడు. తంగమ్మ దగ్గు దాని కింద మునిగిపోయింది. కాసేపటికి కళ్ల నీళ్లు తుడుచుకుని, “ముక్కేమన్నా గుంజకు కట్టేసిన ఆవా మేడం, ఇంట్లోనే ఉండేదానికి? నాతో తిరగతాది. పొద్దున్నే నేను ఈ వీధికే వస్తా” అన్నాడు.

ఇంజనీరమ్మ ఆయన్ను చూసింది. కొంగు అడ్డం పెట్టుకున్న తంగమ్మను, గేటు దగ్గరి కుర్రాణ్ని చూసింది. ఇంకేమీ అడగలేదు. కంచె లోపలికి పోయి మూడు ఇంజన్ల చుట్టూ తిరిగి వచ్చింది.

“ఒకే కంచె, ఒకే గేటు, ఒకే పైపు, ఒకే ఓనర్. ఇవి మూడు యూనిట్లు ఎట్లా అవుతాయి సార్?”

“మేడం, రూల్ ప్రకారం...”

“రూల్ ప్రకారమే మూడూ కలిపి లెక్క. కలిపితే మీకు మినహాయింపు లేదు. పర్మిషన్ వచ్చేదాకా ఇంజన్లు ఆపండి. గొట్టాలు ఎత్తు పెంచాలి, పొగ తగ్గించే సామాను బిగించాలి. ఫిర్యాదు చేసింది ఒక్క మునిరత్నంగారే. అలాగే రాసుకుంటున్నా.”

ఇంజన్లు ఆగాయి. తర్వాత కొత్త గొట్టాలు పైకి లేచాయి, పర్మిషనూ వచ్చింది. తణికైవేల్ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు.

ఇంజనీరమ్మ వచ్చిపోయిన ఆ రోజే, ఇంటికి నడుస్తూ కన్నియమ్మ సగం దారిలో ఆగి గట్టిగానే అడిగింది.

“తంగమ్మ కోసమని నాకొక మాట చెప్తే ఏం పోయింది?”

“నీకు చెప్తే నీళ్ల దగ్గర చెప్తావు. నీళ్ల దగ్గర చెప్తే గేటు దగ్గర తెలస్తాది. ఆ పిలగాని పని పోతే నువ్వు ఇస్తావా?”

“మరి రోజూ పోయి ఆమెను తిట్టేది?”

“తిట్టకుండా ఎట్లుండావమ్మా అని అడిగితే ఏడస్తాది. నాకు ఏడుపు సరిపడదు. పద, ఎండగా ఉంది!”

కొన్నాళ్లకు పూండి వైపు నుంచి దామోదరం అని ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ల ఊరి పక్కన ఎవరో షెడ్డు వేసి పాత టైర్లు కాలుస్తున్నారట. అడిగితే, మాదీ చిన్న యూనిట్టే, మినహాయింపు ఉందంటున్నారట.

“అక్కా, మునిరత్నమన్న ఉండాడా? ఒక తూరి వచ్చి చూస్తే బాగుంటాది.”

కన్నియమ్మ ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. మూలనున్న మొగుడి చెప్పులు తెచ్చి, దుమ్ము దులిపి, గడప ముందు బయటికి తిప్పి పెట్టింది.

“తింటా ఉండాడు, కడుపు నిండా తిననీ నాయినా. పస్తుతో పంపిస్తే కోపం సగమే వస్తాది.”