పదకొండు పళ్ళు తీశాక

మా కుక్కకి పదమూడేళ్ళు. ఆ వయసులో వాడికి పదకొండు పళ్ళు ఒకే పూట తీయించాల్సి వచ్చింది. చెంప వాచి, చీము పట్టి, తిండి మానేశాడు. ఇంక గత్యంతరం లేకపోయింది. ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ నాతో సంతకం పెట్టించుకుంటూ, వీడి గుండె అంత బాగాలేదని చెప్పింది. మత్తు తట్టుకోవడం ఒక ఎత్తు, తర్వాతి వారం ఇంకో ఎత్తు అంది. "ఈ వారం దాటించండి చాలు" అని బెంగాలీలో అంటూ నా భుజం తట్టింది. ధైర్యం చెప్పడానికే తట్టింది గానీ, నాకు ఉన్న ధైర్యం కూడా పోయింది.

మేం కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉంటాం. నాన్న అక్కడి ఓడల డాక్‌లో పనిచేసేవాడు. ఒకరోజు డ్యూటీ దిగి వస్తూ చొక్కాలో పెట్టుకుని తెచ్చిన పిల్ల వీడు. ఇంట్లో అడుగు పెట్టనివ్వనని అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడిందట. వారం తిరిగేసరికి తన చీర చెంగు మీద పడుకోబెట్టుకుంది. నాన్న పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఇంట్లో అమ్మా, నేనూ, వాడూ. అమ్మ నాతో పగలంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. వాడితో మాత్రం పొద్దస్తమానం కబుర్లే.

అమ్మది శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు ఊరు. అక్కడి ఆడవాళ్ళ లాగే అడ్డచుట్ట కాలుస్తుంది. అంటే నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని పొగ పీలుస్తుంది. పక్కింటి బెంగాలీ వాళ్ళు మొదట్లో అదేదో గారడీ అనుకుని చుట్టాలను పిలుచుకొచ్చి చూపించేవారు. ఊరినుంచి వచ్చేవాళ్ళు చుట్టల కట్ట తేకపోతే అమ్మ వాళ్ళకి టీ కూడా మొహం చిట్లించుకునే ఇస్తుంది. పుట్టినప్పటినుంచీ పీలుస్తున్న వాసన కాబట్టి అది నా ముక్కుకి తెలియనే తెలియదు. దానివల్లే కొంప మునిగేంత పనయింది.

ఆపరేషన్ అయిన సాయంత్రం వాడిని దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాను. నోటినిండా కుట్లు. మూతి పక్కనుంచి గులాబి రంగు చొంగ కారుతోంది. అమ్మ అది చూసి చతికిలబడింది.

"ఓలమ్మ, రగతమే! ఏటైనా పెట్టొద్దేటే?"

"రెండ్రోజులు అలాగే ఉంటాదని డాక్టరు సెప్పింది."

"మూలుగుతున్నాడే. నెప్పి తగ్గలేదు వాడికి."

"మందు ఏసినాను గదా! ఎన్నిసార్లు సెప్పాల? నువ్వేటీ వైద్యాలు సెయ్యకు. నీ దారిన నువ్వు కూకో."

అరిచాను. నా నోరు అంతే, భయం వేసినప్పుడు కోపంగానే తెరుచుకుంటుంది. అమ్మ మళ్ళీ అడగలేదు. అమ్మ అడగడం మానేసిందంటే ఒప్పుకుందని కాదు, తనకి తోచింది తను చేస్తుందని. నలభై ఆరేళ్ళుగా ఆవిడతో ఒకే కప్పు కింద ఉంటూ కూడా ఆ సంగతి ఆ పూట నాకు తట్టలేదు.

ఆఫీసుకి రెండు రోజులు సెలవు పెట్టాను. అన్నం గంజిలా ఉడికించి, రుయి చేప ముల్లు ముల్లు ఏరి, మెత్తగా మెదిపి, చల్లారాక వేలితో పెట్టేదాన్ని. నాలుగు ముద్దలు తిని మొహం తిప్పుకునేవాడు. నొప్పి మందు సిరంజితో చెంప లోపలికి పోసేదాన్ని. పూటకోసారి పెదవి ఎత్తి కుట్లు చూసేదాన్ని. చిగుళ్ళు ఎర్రగా, ఉబ్బుగా ఉన్నా డాక్టరమ్మ చెప్పినట్టే ఉన్నాయి. అన్నీ చెప్పినట్టే ఉన్నా నాకు మనసు కుదుటపడలేదు.

రెండో రోజు వాడు మంచం కిందకి దూరి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే చెవి కూడా కదపలేదు. బయట తెల్లారినప్పటినుంచీ వాన. గోడలకి చెమ్మ పట్టింది. పోయే జంతువు చాటు వెతుక్కుంటుందని నాన్న ఒకసారి అన్నాడు. ఆ మాట ఎంత వద్దనుకున్నా గుర్తొచ్చింది. అమ్మ నేలమీద బోర్లా పడుకుని, మంచం కిందకి చెయ్యి చాచి, వాడి వీపు నిమురుతూ ఉంది. ఆవిడ మోకాళ్ళ నొప్పులకి అలా పడుకోవడమే గొప్ప. నేను చూసీ చూడనట్టు వంటగదిలోకి వెళ్ళిపోయాను.

మూడో రోజు ఆఫీసుకి పోక తప్పలేదు. ఎలాగో సగం పూట గడిపి, ఒంట్లో బాగాలేదని చెప్పి బయటపడ్డాను. ఎందుకు అంత తొందరపడ్డానో అడిగితే చెప్పలేను. బస్సులోంచి అమ్మకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

తలుపు తీసే ఉంది. అమ్మ నేలమీద కూర్చుని ఉంది. వాడి తల ఆవిడ ఒళ్ళో ఉంది. నోటినుంచి నురగ ధారగా కారుతోంది, కాళ్ళు నాలుగూ వణుకుతున్నాయి. పక్కన రెండు చోట్ల వాంతి. లేవబోయి, వెనక కాళ్ళు జారి, మళ్ళీ పడ్డాడు. కళ్ళు నావైపే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు.

"ఏటయ్యిందమ్మా? ఎప్పటినుంచి?"

"ఇందాకట్నుంచే. బాగానే ఉన్నాడే, బాగానే ఉన్నాడు…"

"ఏటైనా పెట్టినావా?"

"ఏటీ పెట్నేదు. నువ్వు సెప్పిన గంజే. అదీ సగమే తిన్నాడు."

అమ్మ అబద్ధం చెప్పదు. అందుకే ఇంకేమీ అడగలేదు. మందు ఎక్కువ పోశానా, కుట్లకి చీము పట్టిందా, గుండే ఆగిపోతోందా అని నాలో నేనే కొట్టుమిట్టాడాను. వాడిని ఎత్తుకున్నాను. గుండె నా చేతికింద లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా వెనకే వచ్చి ఆటో ఎక్కింది. 

డాక్టరమ్మ వాడిని బల్లమీద పడుకోబెట్టి నోరు తెరిచింది. వంగి వాసన చూసింది. చిన్న పట్టకారుతో పై చిగురు కుట్ల సందులోంచి తడిసిన గోధుమరంగు ముద్ద ఒకటి బయటికి లాగింది. తర్వాత ఇంకొకటి.

"ఏమిటిది?"

నేను అమ్మవైపు తిరిగాను.

"పొగాకమ్మా" అంది అమ్మ, అడిగినందుకు ఆశ్చర్యపోతూ. "పిల్ల ఆపీసుకెల్లినాక సుట్ట ఇప్పి, నమిలి, మెత్తగా సేసి అద్దినాను. రగతం ఆగుతాదని, నెప్పి తగ్గుతాదని."

డాక్ కార్మికుల ఇళ్ళలో అందరూ చేసేదే. ఇనుము కోసుకుపోయి నాన్న చెయ్యి చీరుకుంటే, అమ్మ నమిలిన పొగాకు అద్ది గుడ్డ కట్టేది. మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. ఆవిడ లెక్కలో అది తిండీ కాదు, మందూ కాదు. కాబట్టి ఏమీ పెట్టలేదన్న మాట నిజమే. నేను వాడిని ఎత్తుకుని, ఆ నోటి దగ్గరే మొహం పెట్టి కూడా వాసన పట్టలేకపోయాను. మొదటి సాయంత్రం అరవకుండా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఆ తప్పు అమ్మది కాదు, నాది.

పొగాకు కుక్కకి విషం. కుట్లు పచ్చిగా ఉన్న నోట్లోంచి అది తిన్నగా నెత్తురులోకి పోయింది. డాక్టరమ్మ నోరంతా కడిగింది, కాలికి సెలైన్ పెట్టింది, సూది మందులు రెండు ఇచ్చింది.  ఆవిడ స్టెతస్కోప్ వాడి ఛాతీమీద పెట్టి గడియారం చూస్తోంది. అమ్మ గోడకి ఆనుకుని నిలబడి, బురద పాదాలతో, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. గంట గడిచాక వణుకు కాస్త తగ్గింది. ఇంకో గంటకి వాడు తల ఎత్తబోయాడు.

డాక్టరమ్మ అమ్మని కోప్పడలేదు. కుర్చీ చూపించి కూర్చోమంది. "మాషీమా" అని పిన్నిని పిలిచినట్టు పిలిచి, "పొగాకు పెడితే నోటి నొప్పి తగ్గుతుందని మీకు ఎవరు చెప్పారు?" అని నెమ్మదిగా అడిగింది.

అమ్మ సగం బెంగాలీ, సగం తెలుగులో చెప్పింది. "ఎవరు సెప్పాల? నాకు తగ్గుతాది గదా. అంగిట్లో పుండు ఉంది, ఏడాది అయిపోనాది. సలవ నేదు, ఏడి నేదు, ఏది తగిలినా సురుక్కుమంటాది. పొగాకు అద్దితే తిమ్మిరెక్కీసి నెప్పి తెల్దు."

నాకు వినపడింది గానీ అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఏడాది. కుక్క నోరు పూటకోసారి చూశాను. వాడు ఎన్ని ముద్దలు తిన్నాడో చెప్పగలను. అమ్మ ఏం తింటోందో, ఎలా తింటోందో ఒక్కరోజు కూడా చూడలేదు.

డాక్టరమ్మ లేచి చేతులు కడుక్కుంది. కొత్త గ్లౌజులు వేసుకుంది. "నేను మనుషుల డాక్టర్ని కాదు. అయినా ఒకసారి చూస్తాను" అంది. అమ్మ బుద్ధిగా తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. డాక్టరమ్మ వంగి చూసింది. ఎంతసేపు చూసిందో. ఆవిడ మొహంలో మార్పేమీ లేదు, అదే నన్ను భయపెట్టింది. అమ్మ బుగ్గమీద చెయ్యి వేసి, నోరు మూయించి, నావైపు తిరిగి ఇంగ్లీషులో మాట్లాడింది. రేపు పొద్దున్నే క్యాన్సర్ ఆస్పత్రికి తీసుకెళ్ళమంది. దేనికోసమూ, ఒక్క రోజు కూడా ఆగవద్దంది.

అమ్మకి ఇంగ్లీషు రాదు. నా మొహం మాత్రం చదవగలదు. నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చేతివేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఏటంటందే? బతుకుతాడేటి?"

ఆవిడ అడుగుతున్నది కుక్క గురించి. బల్లమీద వాడు కళ్ళు తెరిచి, అమ్మ గొంతు వినపడినవైపు చెవి తిప్పాడు.

"బతుకుతాడమ్మా" అన్నాను.

"అమ్మయ్య" అంది అమ్మ. లేచి వెళ్ళి, చెంగుతో వాడి మూతి తుడిచింది.