ఏడుపు పిన్ని

వైద్య కళాశాలలో ఆమెను అందరూ ఏడుపు పిన్ని అంటారు. ఆమె ఏడుపు అందుకుంటే పక్కగదిలో కారుతున్న కుళాయి సిగ్గుపడి ఆగిపోయేది. నమ్మకపోతే ఆ కుళాయినే అడగండి.

ఉద్యోగమే అది. నయంకాని రోగిని నొప్పి లేకుండా చూసుకోవడం రానివాడికి డాక్టరు పట్టా ఇవ్వకూడదని నియమం వచ్చాక, చేదు కబురు చెప్పడానికీ పరీక్ష పెట్టారు. అందులో విద్యార్థిది డాక్టరు వేషం, పిన్నిది రోగి భార్య వేషం. అతను కూర్చోవాలి, నిదానంగా చెప్పాలి, ఆమె ఏడుస్తుంటే నోరు మూసుకుని ఆగాలి. ఆ గదిలో ఆమె పోగొట్టుకున్న మొగుళ్ల పద్దు రాయాలంటే యముడికి ఇంకో గుమాస్తా కావాలి.

అసలు మొగుడు బస్సు డ్రైవరు. ఆయన హారన్ కొడితే రోడ్డు మలుపులు వాటంతటవే తిన్నగా సర్దుకునేవి. ఇప్పుడు కాలేయానికి క్యాన్సరు, ఈ కాలేజీ ఆసుపత్రి పై అంతస్తులోనే మంచం.

ఆ మధ్యాహ్నం ఆమెను పిలిచిన డాక్టరు, ఒకప్పుడు ఆమె ముందు పరీక్షకు కూర్చున్నవాడే. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇంకో విడత మందు ఎక్కించినా లాభం లేదు పిన్నీ. నొప్పి తగ్గించగలం. ఇక్కడ ఉంటారో, ఇంటికి వెళ్తారో ఆయన్నే తేల్చుకోమందాం."

పిన్ని ఏడ్చింది. కళ్లు వాటి పని అవి చేసుకుపోయాయి. లోపల మాత్రం ఎండుకట్టె. అతను ఆగవలసినంతసేపు ఆగాడు. ఆమె కళ్లు తుడుచుకుని, "బాగా చెప్పావు బాబూ. మొదట్లో కాస్త తొందరపడ్డావు," అంది.

"థాంక్స్ పిన్నీ," అని అతను లేచి తలుపు దాకా వెళ్లాడు. గడియ మీద చెయ్యి వేశాక, ఇది పరీక్ష కాదని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఆయనకి నన్ను చెప్పమంటారా?"

"వద్దు. నేను చెప్తా."

మెట్లెక్కుతుంటే తెలిసింది, ఆ కబురు వినడమే తప్ప చెప్పే పని ఆమెకు ఎన్నడూ పడలేదని. మాటలన్నీ కంఠస్థమే. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఏమే, పాసయ్యాడా మీ డాక్టరు?" అన్నాడు మొగుడు, ఆమెను చూడగానే.

"పాసయ్యాడు."

"అయితే నేను తప్పానన్నమాట."

ఆమె మంచం అంచున కూర్చుంది. "అవునండీ. ఇంక మందు ఎక్కించరు. ఎక్కించినా లాభం లేదట."

"మరి నొప్పో?"

"దానికి మందుంది. ఇంట్లోనే ఇవ్వచ్చు. ఉంటారో, వెళ్తారో మీ ఇష్టం అన్నాడు."

"ఇక్కడుండి ఎవడ్ని ఉద్ధరించాలి? పోదాం పద. బండి తోలేవాడు కొత్తవాడైతే మాత్రం ముందు సీటు నాది."

"సరే."

"ఊళ్లోవాళ్లందరికీ ఏడ్చిపెడతావు. నాకు లేదా?"

"రావట్లేదండీ."

"పోనీలే. రోజూ చేసే పనేగా, ఇవాళ్టికి సెలవు," అన్నాడు ఆయన, ఆమె చెయ్యి తడుముతూ.

ఆమె మంచం కింది సంచీ లాగి బట్టలు మడతపెట్టసాగింది.

"ఆ నీలం చొక్కా బయట పెట్టు. వేసుకుంటా."

ఆమె నీలం చొక్కా తీసి బయట పెట్టింది.