అక్క నైటీకి కుట్టిన పేరు

తమిళనాడు రాజపాళయంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు మిషన్లు పెట్టి నైటీలు కుట్టిస్తాను. నాకు యాభై ఎనిమిదేళ్ళు. కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు, నిజమే. ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి ఆర్డర్లు పట్టే పని మా అమ్మాయిది.

నాకన్నా నాలుగేళ్ళు పెద్దదైన మా అక్క చోళపురంలో ఉంటుంది. పోయిన ఏడు ఆమె కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. తల మీదుగా నైటీ తొడుక్కోలేదు, జాకెట్టు వేసుకోలేదు. ప్రతి ఉదయం కోడలు వచ్చి తొడగాలి. ఆ పిల్ల మంచిది, విసుక్కోదు. అయినా అక్క ఒకరోజు ఫోనులో ఏడ్చేసింది.

"కోడలు లేచేదాకా గుడ్డ మార్చకుండా కూర్చుని ఉండాను. పాలు కూడా కాచలేను. ఇదేమి బ్రతుకే?"

ఆమె తన చేత్తో తాను తొడుక్కోగలిగే బట్ట ఒకటి కుట్టాలనుకున్నాను. మెడ నుంచి కింద దాకా ముందు గుండీలు, వదులు చేతులు, పక్కన జేబు. మా ఊళ్ళో ఆడవాళ్ళు నైటీతో గుమ్మం దాటితే భుజాల మీద ఒక తుండు కప్పుకోవాలి. కూరగాయల బండి దాకా వెళ్ళినా ఆ తువ్వాలు ఉండాల్సిందే, లేకపోతే వీధంతా చూస్తుంది. అక్క చేతికి తుండు కప్పుకోవడమూ కష్టమే. అందుకే తుండుకు బదులుగా ఛాతీ మీద రెండు వరుసల ఫ్రిల్ పెట్టాను.

మా అమ్మాయి ఆ ఫ్రిల్ చూసి ముచ్చటపడి, ఫోటో తీసి 'బేబీ డాల్ మోడల్' అని గ్రూపులో పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది.

"అరవై దాటినవాళ్ళు వేసేదానికి బేబీ ఏమిటే? మోకాళ్ళకు తైలం రాసుకునే బేబీలా?"

"ఫ్రిల్ పెడితే అదే పేరుమ్మా. అందరూ అట్లనే గదా పెడతారు."

"అందరూ నవ్వుతారే!"

నిజానికి ఇలాంటి పేర్లు నాకు కొత్త కాదు. టీన్, క్యూటీ, కాలేజ్ గర్ల్ అన్న లేబుళ్ళతో మా షెడ్డు నుంచి ఎన్ని నైటీలు వెళ్ళాయో. కొన్నవాళ్ళంతా ఇద్దరు ముగ్గురు బిడ్డల తల్లులే. కాలేజీ పిల్లలు నైటీ వంక చూడను కూడా చూడరు. అప్పుడు నేను నోరు మెదపలేదు. ఇది అక్క కోసం కుట్టింది కాబట్టి పౌరుషం వచ్చింది. పెద్దమనిషిని పెద్దమనిషిగానే పిలవాలని 'సీనియర్ మదర్' అని లేబుల్ చేయించి మెడ లోపల కుట్టాను. బస్సెక్కి చోళపురం వెళ్ళి నా చేత్తో ఇచ్చి వచ్చాను. చాలా గర్వంగా ఉండింది.

నెల తర్వాత అక్క డాక్టరుకు చూపించుకుని మా ఇంటికి వచ్చింది. చీరే, జాకెట్టే. అంటే ఆ ఉదయం కూడా కోడలే తొడిగింది.

"నైటీ సరిపోలేదా అక్కా?"

"వేసి చూడలేదే."

గుచ్చి గుచ్చి అడిగాక చెప్పింది. "మనవరాలు లేబులు చదివి, ఇది ముసలి పాట్టీలు వేసేదా అవ్వా అని అడిగింది. నాకు భుజం ఒకటే చెడిపోయింది. నువ్వు నన్ను మొత్తంగా మూలన పెట్టినావు."

ఒక గుడ్డముక్క కోసం నెల రోజులు అవస్థ పడిందా అని ముందు తిక్క రేగింది. తర్వాత సిగ్గేసింది. అప్పుడు నా ఒంటి మీదున్న నైటీ మెడలో 'క్యూటీ' అని ఉంది. అది నాకు ఏనాడూ నవ్వులాటగా తోచలేదు. అక్క వయసు మాత్రమే నాకు కనిపించింది.

"పోనీ, బేబీ అని కుట్టనా?" అన్నాను నెమ్మదిగా.

అక్క ఫక్కున నవ్వింది. "ఆ మాట కొంజం బాగుండాది. కానీ అదీ వద్దు. ఏమీ రాయబాకు."

తిరిగిచ్చేద్దామని తెచ్చిందేమో, సంచిలోంచి మడత విప్పని నైటీ తీసింది. నేను లేబుల్ కుట్లు విప్పి ఇచ్చాను. అక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈలోగా అమ్మాయితో గ్రూపులో పేరు తీసేయించి, 'ముందు గుండీలు, జేబు, తుండు అవసరం లేదు' అని మాత్రం రాయించాను. అక్క ఇంకా రాలేదు. చాలాసేపయింది. ఆగలేక తలుపు మీద చెయ్యి వేశాను.

"రాబాకు," అంది లోపలి నుంచి.

చివరికి బయటికి వచ్చింది. పైన ఒక గుండీ తప్పడంతో వరుసంతా వంకరపోయి, కింద ఒక అంచు వేలాడుతోంది. సరిచేయబోయిన చేతిని వెనక్కి తీసుకున్నాను. అక్క జేబులో చెయ్యి పెట్టి చూసుకుంది, ఫ్రిల్ సర్దుకుంది.

"రేపు కోడలు లేచే లోపల," అంది, "నేను పాలు కాచి పెట్టి ఉంటాను."