గుట్టలో పలికిన గొంతు

ఎండకు కాలిన బండ మీద చినుకులు పడిన వాసన వస్తే నాకు దామరచర్ల అవతలి గుట్టలు గుర్తొస్తాయి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. సీతాఫలాల కోసం నాయనమ్మ నన్నూ చెల్లెల్నీ అక్కడికి తీసుకెళ్లింది. సీతాఫలం పొదలు తప్ప నీడనిచ్చే చెట్టు లేదు. ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు పెద్ద పెద్ద బండలు. అమ్మ పోయినప్పటినుంచి చెల్లి మాట్లాడటం మానేసింది.

నేను పండ్లు వెతుకుతూ బండల సందులోకి దూరాను. కనబడకపోయేసరికి చెల్లి భయపడి, "అక్కా!" అని అరిచింది. "అక్కా!" అని గుట్టలోంచి ఇంకో గొంతు పలికింది. చెల్లి మళ్లీ పిలిచింది. అదీ పిలిచింది.

నేను పరుగెత్తుకొచ్చి, "నాయనమ్మా, గా బండలల్ల ఎవరో పిల్ల ఉన్నది. ఇంటికి తీస్కపోదాం," అన్నాను.

నాయనమ్మ చెల్లిని గుండెకు హత్తుకుని ఏడుస్తూనే నవ్వింది. "దాన్ని గాడనే ఉండనీయ్ బిడ్డా. మన పిల్ల మనకు దొరికింది, సాలు."

మిర్యాలగూడ బస్సులో చెల్లి ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. నాకు మాత్రం ఆ పిల్ల ఒక్కతే ఎట్లా ఉంటుందోనని బెంగ.

ప్రతిధ్వని గురించి తర్వాత బడిలో చదువుకున్నాను. మనిషి అలికిడి లేని ఆ చోట, తను పిలిస్తే పలికేవాళ్లున్నారని చెల్లికి ధైర్యం వచ్చిందని మాత్రం పెద్దయ్యాకే అర్థమైంది.